నెత్తురు పుట్టే చోటు

నా కళ్ళు పచ్చబడ్డాయని మొదట నాతో చెప్పింది మా తోడికోడలు పెంచలమ్మ. మాఘమాసం చివర, తెల్లవారి గొర్రెలను దొడ్డిలోంచి వదిలే వేళ. తడిక తీయబోయి ఆయాసం వచ్చి, దాన్నే పట్టుకుని నిలబడిపోయాను. పెంచలమ్మ చేతిలోని పేడతట్ట కింద పెట్టి దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఇట్టా నా పక్క చూడు. కింది రెప్ప లాగు. ఓరి నాయనో! పసుపు పూసినట్టుండాదే. నీకు కామెర్లు తగులుకున్నాయి."

"ఎండకు అట్టా కనపడతాదిలే."

"పొద్దు పొడవనే లేదు, ఏం ఎండ?"

మాది ఉదయగిరి కొండకు దిగువనున్న పల్లె. గొర్రెలు, బర్రెలు, కాస్త మెట్ట పొలం. నేను బడికి పోలేదు. గొర్రెల వెంట తిరుగుతూ మా నాయన ఇసుకలో రాసి చూపించిన అక్షరాలే నా చదువు. ఆయన భజన చేసేవాడు. మెడలో మాల వేసుకున్నాక మా ఇంట్లో మాంసం, గుడ్లు మానేశారు. అప్పటికి నేను చిన్నపిల్లను. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక కూడా ముట్టలేదు. మా ఆయన మాలకొండయ్య మంచివాడు. ఆ విషయంలో ఒక్కనాడూ నన్ను బలవంతపెట్టలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నా జబ్బుకు దీనితో సంబంధం ఉంది. అయితే ఆ మాట మాకెవరికీ చాలాకాలం తెలియలేదు.

మాఘం, ఫాల్గుణం

కామెర్లంటే మా వైపు ఆసుపత్రికి పోరు, పసరుకు పోతారు. పెంచలమ్మ నన్ను సీతారామపురం దారిలో ఒక పల్లెకు తీసుకుపోయింది. పసరు పోసే అవ్వ నా కళ్ళు చూసి, గోళ్ళు చూసి, పరగడుపున ఆకుపసరు తాగించింది. చేదుకు నరాలు జివ్వుమన్నాయి.

"ఉప్పు, కారం, నూనె ముట్టుకోబాక. వట్టి మజ్జిగన్నం తిను. మజ్జిగ ఎంత తాగితే అంత మంచిది" అని పంపించింది.

ఉప్పు, కారం, నూనె మానేశాను. మజ్జిగ మాత్రం పోసుకోలేదు. అన్నంలో వేడినీళ్ళు పోసుకుని మింగాను. పెంచలమ్మ రోజూ చెంబుతో మజ్జిగ తెచ్చి గట్టు మీద పెట్టి పోయేది. నేను దాన్ని కుక్కపిల్ల గిన్నెలో వంచేదాన్ని. ఆ కుక్కపిల్ల బాగా బలిసింది.

పథ్యం ముగిసేసరికి నేను గోడ పట్టుకోకుండా లేవలేని స్థితికి వచ్చాను. ఆ అవ్వ మీద నాకు కోపం లేదు. పచ్చటి కళ్ళను చూసి ఆమె తనకు తెలిసిన జబ్బు పేరు చెప్పింది, అంతే. పచ్చదనం ఇంకో దారిలో కూడా వస్తుందని ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు.

ఉగాది తరువాత

ఉదయగిరిలో ఆసుపత్రికి పోయాము. అక్కడ నర్సమ్మ నా గోరు నొక్కి వదిలి చూసింది. తెల్లగా ఉన్న గోరు తెల్లగానే ఉండిపోయింది. వేలికి సూది గుచ్చి, చుక్క తీసి చూసి, "ఒంట్లో రక్తం లేదమ్మా నీకు. ఇంత తక్కువలో ఎట్టా నడిచి వచ్చినావు?" అంది.

రక్తం పట్టే ఇనుము మాత్రలు ఇచ్చారు. రోజూ భక్తిగా వేసుకున్నాను. ఊరంతా నా నెత్తురు కోసం వంట చేసింది. ఒకరు బీట్‌రూట్ ఉడికించి తెచ్చారు, ఒకరు మునగాకు వేపుడు, ఒకరు ఖర్జూరం, రాగిసంకటి. వాళ్ళ రుణం నేను తీర్చుకోలేను. కానీ ఏదీ తినలేకపోయేదాన్ని. నాలుక ఎర్రగా, పిల్లల బుగ్గలా నున్నగా అయిపోయింది. చప్పటి అన్నం కూడా పచ్చిమిరపకాయ కొరికినట్టు మండేది.

మొదట్లో కొంచెం ఓపిక వచ్చినట్టే అనిపించింది. మళ్ళీ జారిపోయింది. దాంతోపాటు ఇంకొకటి మొదలైంది. అరికాళ్ళలో చీమలు పాకినట్టు ఉండేది. కొన్నాళ్ళకు ఆ చీమలు కూడా పోయాయి. దూది మీద నడుస్తున్నట్టు ఉండేది. ఒకనాడు బావి దగ్గరనుంచి ఇంటికి వచ్చి చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియదు. అరికాలిలో తుమ్మముల్లు విరిగి ఉంది. అదీ తెలియలేదు.

ఆ ముల్లు తీస్తూ పెంచలమ్మ ఏడ్చింది. "నొప్పి పుట్టలేదా అక్కా? అబద్ధం చెప్పబాక."

"లేదుమే. ఎవరి కాలో తీస్తున్నట్టుండాది."

ఆ మాట విని మా ఆయన గడప మీదనుంచి లేచాడు. "రేపు ఆత్మకూరు పోదాం" అన్నాడు.

రోహిణి ఎండల్లో, ఆత్మకూరు

ఆత్మకూరులో ఒక చిన్న నర్సింగ్‌హోమ్. బెంచీల మీద చోటు లేక జనం గోడలకు ఆనుకుని ఉన్నారు. పైన ఫ్యాను తిరుగుతోంది గాని గాలి కిందికి రావడం లేదు. మా పేరు పిలిచేసరికి మధ్యాహ్నం దాటింది.

డాక్టరు నెమ్మదైన మనిషి. పరీక్షలకు రక్తం తీయించి, కళ్ళూ కడుపూ చూసి అడిగారు. "ఏం తింటారమ్మా? మాంసం, గుడ్లు?"

నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నాడు. "మాంసం ముట్టదు సార్. వాళ్ళ నాయన మాల ఏసినోడు. చిన్నప్పటినుంచీ లేదు."

"పాలు, పెరుగు?"

"పాలకేం కొదవ సార్! బర్రెలుండాయి. మా ఇంట్లో మజ్జిగ నీళ్ళ మాదిరి పారతాది."

డాక్టరు నవ్వి, ఏదో రాసుకుని, తరువాతి ప్రశ్నకు పోయారు. నేను తల వంచుకుని కూర్చున్నాను.

ఇక్కడ చెప్పాలి. ఆరేళ్ళ కిందట మా భజన ఆడవాళ్ళతో కలిసి కాశీకి పోయాను. గొర్రెలు ఉన్నాయని మా ఆయన రాలేదు. కాశీకి పోయినవాళ్ళు తమకు బాగా ఇష్టమైనది ఒకటి అక్కడ వదిలి రావాలి కదా. మా గుంపులో ఒకామె కాకరకాయ వదిలింది, ఒకామె సీతాఫలం వదిలింది. నాకు పుట్టినప్పటినుంచీ ఇష్టం పెరుగు. గట్టిగా తోడుకున్న బర్రె పెరుగు, మీగడ, వెన్న. ఆ దేవుడు నాకు ఎన్నో ఇచ్చాడు. ఆయనకు కాకరకాయ ఇచ్చి రావడానికి నాకు మనసొప్పలేదు. గంగలో మునిగి, పాలు, పాలతో చేసినవి అన్నీ వదిలేశాను.

వదిలింది ఏమిటో చాటుకుంటే ఫలం పోతుందని మా అవ్వ చెప్పేది. అందుకని ఎవరికీ చెప్పలేదు. ఇంటికి వచ్చాక అందరూ అడిగితే "ఏదో ఒకటి వదిలినాలే" అన్నాను. రోజూ పాలు పిండాను, పెరుగు చిలికాను, అందరికీ పోశాను. నా కంచంలో మాత్రం చారు. డాక్టరు ముందు కూడా అది నాకూ దేవుడికీ మధ్య మాటే అనుకున్నాను. జబ్బుతో దానికేం పని?

సాయంత్రం రిపోర్టు వచ్చింది. డాక్టరు కాగితాన్ని చాలాసేపు చూశారు.

"ఎర్రకణాలు ఒక్కటే కాదు. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా పడిపోయినాయి. మూడూ పుట్టేది ఎముకల లోపల, మూలుగలో. అక్కడే ఏదో జరుగుతోంది. నెల్లూరు పోవాలి. తుంటి ఎముకలో సూది వేసి, మూలుగ తీసి చూస్తారు."

"ఏమై ఉంటాది సార్?" అన్నాడు మా ఆయన.

"చాలా ఉంటాయి. ఇప్పుడే చెప్పలేను."

"క్యాన్సరా?"

డాక్టరు కళ్ళజోడు తీశారు. "అది కూడా ఒకటి. చూడకుండా చెప్పకూడదు. రాత్రి ఇక్కడే ఉండండి. పొద్దున కాగితం రాసిస్తాను, కారు మాట్లాడుకోండి."

బయటికి వచ్చాక మా ఆయన వరండా చివర గోడవైపు తిరిగి, తువ్వాలు మొహం మీద వేసుకుని నిలబడ్డాడు. తిరిగి వచ్చి, "ఆ కొంగు సరిగ్గా కప్పుకోలేవా?" అని నన్ను కసిరాడు. కొంగు సరిగ్గానే ఉంది. ఆయన భయం నాకు అర్థమైంది. నా భయం ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం నాకు తెలియలేదు. పెంచలకోన నరసింహస్వామిని తలుచుకుందామంటే పేరు నోటికి వచ్చేది కాదు. గుండె చప్పుడు చెవుల్లో కొడుతూ ఉండేది.

పొద్దున కాగితం కోసం, కారు కోసం బెంచీ మీద కూర్చున్నాము. మా ఆయన కారు సంగతి చూడడానికి బయటికి పోయాడు. నా పక్కన ఒకామె వచ్చి కూర్చుంది. నా వయసే ఉంటుంది. కాళ్ళు ఉబ్బి ఉన్నాయి, మోచేతి దగ్గర కట్టు. పేరు మస్తాన్‌బీ అని చెప్పింది. అనుమసముద్రంపేట దర్గా దగ్గర, వచ్చేవాళ్ళకు పూలు, అగరొత్తులు అమ్ముకుంటుందట.

"నీ మొగం చూస్తే నాది అద్దంలో చూసుకున్నట్టుండాది. నీక్కూడా రక్తం లేదా?" అంది.

"లేదు. ఎముకల్లో ఏదో అంటున్నారు."

"నా ఎముకలు మంచివేనంట. కిడ్నీలే సచ్చినాయి. రక్తం చెయ్యండి అని ఎముకలకు కబురంపేది కిడ్నీలేనంట, నీకు తెలుసా? నావి కబురంపడం మానుకున్నాయి. అందుకే ఈ సారు సూదితో కబురంపతాడు. నెల్లూరు పోయి మిషన్‌తో రక్తం కడిగించుకోవడం ఒకటి, ఇక్కడికొచ్చి కబురు పొడిపించుకోవడం ఒకటి. ఇదీ నా సంసారం." అని నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చి ఆగింది.

టీ తెచ్చే మనిషి వస్తే నాకూ ఒకటి తీసుకుంది. నేను వద్దన్నాను. తన సంచిలోంచి క్యారియరు తీసి మూత విప్పింది. పెరుగన్నం. కరివేపాకు తాలింపు వాసన వచ్చింది.

"రెండు ముద్దలు తిను. కారులో కళ్ళు తిరుగుతాయి."

"వద్దమ్మా."

"పాలు పడవా?"

"పడకేం."

"మరి?" అని నన్ను చూసింది. మెల్లగా మూత పెట్టేసింది. "మా ఇంటి వంట తినవు, అంతేనా? పరవాలేదులే. నేనేమీ అనుకోను."

అనుకోను అంది గాని ఆ మొహం ముడుచుకుపోయింది. ఉబ్బిన కాళ్ళతో, ఆ ఆయాసంలో, తన అన్నం నాకు పెట్టబోయిన మనిషి. ఆమె ఆ మాటే మనసులో పెట్టుకుని ఇంటికి పోతుందని అనిపించేసరికి నేను ఉండలేకపోయాను. ఫలం పోతే పోయిందనుకున్నాను. ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పనిది, పేరు తెలిసి పావుగంట కాని మనిషికి చెప్పాను.

మస్తాన్‌బీ నోరు తెరిచింది. "ఆరేళ్ళా? చుక్క గూడానా? టీలో గూడానా?"

"చుక్క కూడా లేదు."

"ఓయమ్మో! సామికి చెప్పినావు, సరే. ఇంట్లో చెప్పినావా?"

"లేదు."

"బలేదానివే నువ్వు" అని లేచింది. ఆమెకు వైద్యం గురించి ఏ ఆలోచనా లేదు. ఆమె బాధ నా ఆకలి గురించే. కాళ్ళు ఈడ్చుకుంటూ కౌంటరు దగ్గరికి పోయి గట్టిగా అంది. "ఏమ్మా నర్సమ్మా, ఆ బెంచీ మీదుండే ఆమె పాలు, పెరుగు ఏదీ ముట్టదంట, ఆరేళ్ళనుంచి. నెల్లూరు పోయేలోపల పడిపోతాది. కొబ్బరినీళ్ళన్నా తెప్పించండి!"

వరండా అంతా నావైపు తిరిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. నర్సు నా కాగితాలతో లోపలికి పోయింది. కాసేపటికి డాక్టరు తానే బయటికి వచ్చారు. అప్పటికే మా ఆయన తిరిగి వచ్చాడు.

"అమ్మా, మీరు పాలు తాగరా?"

"తాగతాది సార్, పాలకేం..."

"మీరు కాదు. ఆమెను చెప్పనీయండి."

చెప్పాను. మా ఆయన మొహంకేసి చూడలేదు.

డాక్టరు నన్ను మళ్ళీ లోపలికి తీసుకుపోయారు. నాలుక చాపమన్నారు. రెండు కొమ్ములున్న ఇనుప పనిముట్టును బల్లకు కొట్టి, నా కాలి బొటనవేలికి ఆనించారు. "జుమ్మని తెలుస్తోందా?"

"ఏంది సార్ తెలిసేది?"

మోకాలికి ఆనించారు. అక్కడ తెలిసింది. ఆయన మొహం మారింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, నాతోనే, నా కళ్ళలోకి చూసి చెప్పారు. నాకు అర్థమైనంత నా మాటల్లో రాస్తాను.

ఎర్రకణాలు రోజూ ఎముకల లోపల పుడతాయి. బయటికి వచ్చి నాలుగు నెలలు ఒళ్ళంతా తిరిగి అలిసిపోతాయి. వాటి స్థానంలో కొత్తవి రావాలి. వాటికి ఇనుము కావాలి, నిజమే. దానితో పాటు బి-పన్నెండు అనే విటమిన్ కూడా కావాలి. అది ఆకుల్లో, గింజల్లో ఉండదు. మాంసంలో, గుడ్లలో, పాలలోనే ఉంటుంది. అది లేకపోతే కణాలు విడిపోలేవు. చూలు నిండినా ఈనలేని గొర్రె మాదిరి, పెద్దగా ఉబ్బి, ఎముక లోపలే చచ్చిపోతాయి. అలా పగిలిన కణాల రంగే నా కళ్ళ పసుపు. ఆ విటమిన్ నరాలకు కూడా కావాలి. అందుకే కాళ్ళు మొద్దుబారాయి.

"మరి ఆరేళ్ళు ఎట్టా బతికింది సార్?" అన్నాడు మా ఆయన.

"కాలేయం కొంత దాచిపెట్టుకుంటుంది. దాన్నే కొంచెం కొంచెం వాడుకుంటూ వచ్చింది. అది అయిపోయింది." ఆయన నావైపు తిరిగారు. "అమ్మా, ఇది నా అనుమానం మాత్రమే. ఇదే అని ఇంకా తేలలేదు. రక్తం నెల్లూరు ల్యాబుకు పంపుతాను. ఈలోపల వారం పాటు సూదులు వేస్తాను. కొత్త కణాలు పుడితే నేనన్నది నిజం. పుట్టకపోతే ఎముక పరీక్ష తప్పదు."

"కాళ్ళు తిరిగి వస్తాయా సార్?"

"చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం" మీద వారం బతికాను.

ఆ వారం

మొదటి సూదికి ముందు నేను అడిగాను. "ఇది దేంతో చేస్తారు సార్? పాలతోనా?" మా ఆయన పళ్ళు కొరికాడు. డాక్టరుకు మాత్రం కోపం రాలేదు.

"పాలతో కాదమ్మా, మాంసంతో కాదు. కంటికి కనపడని సూక్ష్మజీవులు చేస్తాయి దీన్ని. మీ గొర్రె కూడా తాను చేసుకోలేదు. దాని కడుపులో ఉండే ఆ జీవులే చేసిపెడతాయి."

పుట్టినప్పటినుంచీ గొర్రెల మధ్య బతికాను. వాటి కడుపులో ఇంత దయ ఉందని తెలియదు. చెయ్యి చాపాను.

వారమంతా నర్సింగ్‌హోమ్‌లోనే ఉన్నాను. మా ఆయన మొదటి రోజు నాతో మాట్లాడలేదు. రెండో రోజు మంచం పక్కన నేలమీద కూర్చుని అన్నాడు. "నా ఎదురుగ్గా బర్రె పిండి, నా కంచంలో పెరుగు పోసి, నువ్వేం తిన్నావే?"

"చారు."

"నేనెప్పుడూ చూడలేదే."

"నువ్వు తిని లేచినాక కదా నేను కూర్చునేది."

ఆయన నా కాళ్ళ దగ్గరికి జరిగాడు. తువ్వాలుతో నా అరికాలు తుడవసాగాడు. అక్కడ తుడవడానికి ఏమీ లేదు. నాకు ఆ స్పర్శ తెలియడమూ లేదు. ఆయన తుడుస్తున్నాడని కళ్ళతో చూసి తెలుసుకున్నాను.

పెంచలమ్మ ఫోన్ చేసి నన్ను తిట్టింది, తరువాత ఏడ్చింది. "ఆ మజ్జిగ ఎవరు తాగినారో ఇప్పుడు తెలిసింది. ఆ కుక్కను చూస్తే కడుపు మండిపోతాండాది!" అంది. ఆ వారంలో నేను నవ్వింది ఆ ఒక్కసారే.

మిగతా సమయమంతా భయమే. పక్క మంచం ఆమెను నెల్లూరు పంపించారు. ఆమె వాళ్ళు చెప్పులు తొడుక్కుంటూ గుసగుసలాడుకోవడం విన్నాను. రేపు మేమూ అంతేనేమో. ఒకరోజు ఒళ్ళు తేలిగ్గా అనిపించి, బాగవుతోందని సంతోషించాను. మరుసటి రోజు గుండె దడ ఎక్కువై, అదంతా భ్రమ అనుకున్నాను. డాక్టరు వచ్చినప్పుడల్లా ఆయన మొహం చదవడానికి ప్రయత్నించేదాన్ని. ఆయన మొహం నాకు పెద్ద బడి అయిపోయింది.

చివరి రోజు పొద్దున్నే రక్తం తీసుకుపోయారు. మా ఆయన ల్యాబు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కాగితం వచ్చాక దాన్ని తెరవకుండా, రెండు చేతులతో పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు, గుడిలో పళ్ళెం పట్టుకున్నట్టు.

డాక్టరు చూశారు. వేలితో ఒక వరుస మీద గీసి, మళ్ళీ చూశారు.

"పుట్టినాయమ్మా" అన్నారు. "కొత్తవి. చాలా పుట్టినాయి."

నెల్లూరునుంచి వచ్చిన కాగితం కూడా అదే చెప్పింది. నా ఒంట్లో ఆ విటమిన్ దాదాపు లేదట. మా ఆయన డాక్టరుకు చేతులు జోడించాడు. నేను మాత్రం నా మోచేతి ఎముకను పట్టుకుని చూసుకున్నాను. ఇంత గట్టిదాని లోపల, ఎవరూ చూడకుండా, నిద్రలో కూడా నెత్తురు పుట్టిస్తున్నవాడికి దండం పెట్టుకున్నాను.

ఇప్పుడు

కార్తీకం వచ్చింది. కళ్ళు తెల్లబడ్డాయి. దొడ్డి తడిక నేనే తీస్తున్నాను. కుడికాలికి నేల పూర్తిగా తెలుస్తోంది. ఎడమకాలి వేళ్ళు ఇంకా కొంచెం మొద్దుగానే ఉన్నాయి. అవి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. చెప్పులు లేకుండా నడవను. రోజూ అరికాలు చూసుకుంటాను.

పాలు మళ్ళీ మొదలుపెట్టమని ఇంట్లో అందరూ అన్నారు. కాశీలో ఇచ్చింది వెనక్కి తీసుకోలేనన్నాను. దాని మీద మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. చివరికి డాక్టరే తీర్పు చెప్పారు. పాలు మానుకోవాలంటే నెలనెలా సూది మానకూడదు, బతికినంతకాలం. ఒప్పుకున్నాను. సూది రోజు మా ఆయనే గుర్తుపెట్టుకుంటాడు. ఇప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గాని తినడు. నా కంచంలోకి తొంగిచూస్తాడు. నాకు అది కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

చదివే ఆడవాళ్ళకు ఒక్క మాట. మొక్కు కోసమో, ఇష్టం లేకో, ఓపిక లేకో మీరు మానేసిన తిండి ఏదైనా ఉంటే డాక్టరుకు మీ నోటితో మీరే చెప్పండి. మీ తరఫున ఇంకెవరినీ చెప్పనీయకండి. రక్తం లేదంటే ఇనుము ఒక్కటే కారణం అనుకోకండి. మందు వేసుకుంటున్నా రక్తం పెరగకపోతే మళ్ళీ పోయి ఎందుకని అడగండి.

ఇంకొక మాట ఉంది.

ఈమధ్య అనుమసముద్రంపేట పోయాను. దర్గా ముందు పూలబుట్ట వెనక మస్తాన్‌బీ కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఏం వదినా, రంగు తేలినావే!" అని చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. ఆమెకు ఇప్పటికీ నెల్లూరు తప్పలేదు, తప్పదు కూడా. నా జబ్బుకు మందు దొరికింది. ఆమె జబ్బుకు దొరికింది వాయిదా. కిడ్నీలు పనిచేయనివాళ్ళు నీళ్ళు కూడా ఇష్టం వచ్చినట్టు తాగకూడదట. రోజంతటికీ ఒక చిన్న సీసా. ఆ ఎండలో, దాహంతో, నాలుక తడుపుకుని మూత పెట్టేస్తుంది.

అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీరు ఏ దేవుడిని కొలిచేవారైనా సరే. బయటినుంచి వచ్చి, కుండలోని చల్లటి నీళ్ళు కడుపునిండా తాగి, గ్లాసు కింద పెట్టేటప్పుడు, ఒక్కసారి మస్తాన్‌బీని తలుచుకోండి.